మన కాలేజీ స్టాఫ్ చేత రీసెర్చ్ ప్రాజెక్టులు పెట్టించడం ఎలా?

ఢిల్లీ నుంచి ఒక కాల్, అంటే రీసెర్చ్ ప్రాజెక్టులకు దరఖాస్తులు పిలిచే ప్రకటన, పడుతుంది. ప్రిన్సిపాల్ గారు దాన్ని స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి ఫార్వర్డ్ చేసి, కింద "ఆసక్తి గలవారు అప్లై చేయగలరు" అని ఒక ముక్క రాస్తారు. నలుగురైదుగురు దణ్ణం బొమ్మ పెడతారు. చివరి తేదీ వెళ్లిపోతుంది. న్యాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) వాళ్లు వచ్చే ముందు గ్రాంట్ల కాలమ్‌లో రాయడానికి ఏమీ ఉండదు, స్టాఫ్ మీటింగులో అందరికీ అక్షింతలు పడతాయి.

రాజమండ్రి నుంచి నరసాపురం దాకా, కాకినాడ నుంచి భీమవరం దాకా చాలా కాలేజీల్లో ఇదే తంతు. మీరు రీసెర్చ్ సెల్ చూసేవారో, ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటరో, యూనివర్సిటీలో డీనో అయితే దీన్ని ఎలా మార్చవచ్చో చెబుతాను. మన మాస్టార్లకు, మేడమ్‌లకు ఆలోచనల కరువేమీ లేదు. ఫారం, బడ్జెట్, సంతకాలు, కొటేషన్లు, యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే సర్టిఫికెట్), ఆడిట్... ఇదంతా తమ ఒక్కరి నెత్తినే పడుతుందని తెలిసి వెనక్కి తగ్గుతున్నారు. అందుకని ఉపన్యాసాలు, శాలువాలు తర్వాత. ముందు ఆ చాకిరీలో సగం మీ ఆఫీసు ఎత్తుకోవాలి.

ముందు ఒక్కొక్కరితో కూర్చోండి

స్టాఫ్ మీటింగులో "ఎవరైనా పెడతారా?" అని అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తరు. సీనియర్ల ముందు జూనియర్ నోరు విప్పడు. జూనియర్ల ముందు సీనియర్ తనకు పోర్టల్‌లో రిజిస్టర్ అవడం రాదని చెప్పుకోడు. లీజర్ పీరియడ్ చూసుకుని మీరే వాళ్ల డిపార్ట్‌మెంటుకు వెళ్లండి. మీ గదికి పిలిస్తే, ఎక్స్‌ప్లనేషన్ అడుగుతారేమో అని వచ్చేలోపే టెన్షన్ పడిపోతారు.

మూడు సంగతులు అడిగితే చాలు. పీహెచ్‌డీ చేసినప్పుడు తేలకుండా మిగిలిపోయిన ప్రశ్న ఏదైనా ఉందా? ఈ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంటే "దీని సంగతేంటో చూడాలి" అనిపించింది ఏదైనా ఉందా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రాజెక్ట్ పెట్టబోయి ఆగిపోయారా, ఎక్కడ ఆగింది? మూడోదానికి వచ్చే జవాబులు తప్పకుండా రాసుకోండి. "కాలేజీ తరఫున ఇచ్చే ఎండార్స్‌మెంట్ లెటర్ మీద సంతకం కోసం వారం రోజులు తిరిగానండి" అని ఒక మేడమ్ గారు చెప్పారనుకోండి, ఆవిడకు ఎంత ఉత్సాహం ఎక్కించినా లాభం లేదు. సరిచేయాల్సింది మీ ఆఫీసులో ఉంది.

విన్నాక మీకే తెలుస్తుంది: ఇప్పుడే పెట్టగలిగేవాళ్లు ఒకరిద్దరు, ఎవరైనా తోడుంటే పెట్టేవాళ్లు మరికొందరు, ఇప్పట్లో వద్దనేవాళ్లు మిగతావాళ్లు. వద్దన్నవాళ్లను వదిలేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు బాగోలేనివారు, రిటైర్మెంటు దగ్గరపడ్డవారు, పాఠం చెప్పడమే ఇష్టమైనవారు ఉంటారు. "డిపార్ట్‌మెంటుకి ఒకటైనా పెట్టాల్సిందే" అని టార్గెట్ పెడితే, ఎక్కడిదో తెచ్చి పేరు మార్చి పెడతారు. అది బయటపడితే పోయేది కాలేజీ పరువే. మొదటి ఏడాది మీ శ్రమంతా తోడు అడుగుతున్నవాళ్ల మీదే పెట్టండి.

సబ్జెక్టు గుమ్మం ముందే ఉంది

నిధుల విషయంలో మనం శివారు ఆయకట్టు వాళ్లం. పై లాకుల దగ్గర ఐఐటీలు, కేంద్ర సంస్థలు తోడుకున్నాకే మన దాకా వస్తాయి. వాళ్ల దగ్గరున్న యంత్రాలతో వాళ్లు చేసే పనినే మనమూ చేస్తామని రాస్తే గెలవలేం. వాళ్ల దగ్గర లేనిది, మనకు ఉన్నది ఈ చోటు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. కింద వైనతేయ ఇంకో పాయ. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారి, రెండు పంటల డెల్టా తయారైంది. అదే డెల్టాలో 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. ఒకవైపు ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసేస్తోంది, ఇంకోవైపు కోరింగ మడ అడవులు. వరి చేలు రొయ్యల చెరువులుగా మారాయి. కొబ్బరి మీద తెల్లదోమ వచ్చి పడింది. గ్యాస్ బావులు ఊళ్ల మధ్యలోనే ఉన్నాయి. ఢిల్లీలో కూర్చున్న రివ్యూయర్‌కు ఇవి వార్తలు. మన మాస్టారికి ఇవి రోజూ బస్సు కిటికీలోంచి కనిపించేవి. వానాకాలం నీటి నమూనా, ఎండాకాలం నీటి నమూనా అని నెలనెలా సేకరించడం హైదరాబాద్ వాళ్లకు ప్రయాణ భత్యాల ఖర్చు, మనకు సాయంత్రం పని.

అయితే "ఆక్వా కాలుష్యం" అని రాస్తే అది సబ్జెక్టు అవుతుంది గానీ ప్రాజెక్ట్ అవదు. ప్రాజెక్ట్ కావాలంటే చోటు, కాలం, కొలిచేది, దానివల్ల ఎవరికి ఏం ఒరుగుతుందనేది నాలుగూ తేలాలి. భీమవరంలో ఒక కెమిస్ట్రీ మాస్టారు ఉన్నారనుకుందాం. ఆయనతో కూర్చుని ఇలా కుదించండి: యనమదుర్రు డ్రెయిన్‌లో ఫలానా వంతెన నుంచి ఫలానా వంతెన దాకా; చెరువులు ఖాళీ చేసే నెలల్లో, మిగతా నెలల్లో; లవణత, అమ్మోనియా, కరిగిన ఆక్సిజన్; ఆ నీళ్లు తోడుకునే దాళ్వా చేలకు ఏ నెలలో తోడితే నష్టం ఎక్కువో చెప్పే పట్టిక. ఇప్పుడు ఇది రెండేళ్లలో, డిపార్ట్‌మెంటులో ఉన్న స్పెక్ట్రోఫోటోమీటర్‌తో, ఒక ఫెలోతో (ప్రాజెక్టు జీతం మీద పనిచేసే పరిశోధకుడితో) పూర్తయ్యే పని. అడిగేది కూడా తగ్గుతుంది. చిన్న కాలేజీకి తొలి ప్రాజెక్ట్ చిన్నదిగా ఉండటమే మేలు.

ఎకనామిక్స్, సోషియాలజీ వాళ్లు "మాకేం ల్యాబులు లేవు కదండీ" అంటారు. నరసాపురం లేసు చూపించండి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది. అది వచ్చాక ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్లకు ముక్కకు ఇచ్చే కూలి పెరిగిందా, మధ్యలో ఏజెంట్ల దగ్గరే ఆగిందా? ఆ ప్రశ్న అడగడానికి పాలకొల్లు, నరసాపురం చుట్టూ ఇళ్లకు వెళ్లగలిగే ఒక లేడీ లెక్చరర్ కన్నా తగినవారు ఎవరు? ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ లేసు మీద నలభై ఏళ్ల కిందటే అంతర్జాతీయంగా పేరొచ్చిన అధ్యయనం జరిగింది. అలాంటి పాత పని చదవకుండా ప్రపోజల్ రాస్తే రివ్యూయర్ రెండో పేజీ తిప్పరు. లిటరేచర్ వెతకడంలో లైబ్రేరియన్ గారిని కూర్చోబెట్టండి, ఆయన పేరు కూడా టీమ్‌లో ఉంటే ఇంకా మంచిది.

చరిత్ర వాళ్లకు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. తెలుగు వాళ్లకు ఉప్పాడ జాందానీ మగ్గాల దగ్గర, కడియం నర్సరీల్లో, చేపల రేవుల్లో వాడే పని మాటలు ఉన్నాయి. బోటనీ, జువాలజీ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తోడు కోసం కూడా దూరం వెళ్లనక్కర్లేదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1925 నుంచి ఉంది. స్వర్ణ అని అందరూ పిలిచే ఎంటీయూ 7029 అక్కడిదే. అంబాజీపేటలో కొబ్బరికి, పెదవేగిలో ఆయిల్‌పామ్‌కు పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ యూనివర్సిటీ, తాడేపల్లిగూడెంలో నిట్, కాకినాడలో జేఎన్‌టీయూ, రాజమండ్రిలో ఆదికవి నన్నయ యూనివర్సిటీ. ఇక్కడ ఒక సైంటిస్టు కో-పీఐగా, అంటే ప్రాజెక్టులో సహ పరిశోధకుడిగా, ఉంటే మన దగ్గర లేని పరికరం సంగతి తేలిపోతుంది. ఆ మొదటి ఫోన్ మీరే చేయండి. లెక్చరర్ చేస్తే "మీ ప్రిన్సిపాల్ గారి చేత లెటర్ పెట్టించండి" అంటారు, ఇంకో వారం పోతుంది.

ఏ తలుపు తట్టాలి

ఒకప్పుడు కాలేజీ లెక్చరర్లకు యూజీసీ మైనర్ ప్రాజెక్టే తొలి మెట్టు. ఇప్పుడది లేదు. ఆ మెట్టు పోయిందని చాలామంది సీనియర్లు ఆ రోజుల్లోనే ఆగిపోయారు.

సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు ఇప్పుడు ప్రధానమైనది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అందరూ అనేది ఏఎన్‌ఆర్‌ఎఫ్. 2023 చట్టంతో వచ్చింది, అంతకుముందు గ్రాంట్లు ఇచ్చిన ఎస్‌ఈఆర్‌బీ ఇందులో కలిసిపోయింది. ఐదేళ్లకు 50,000 కోట్ల రూపాయలు అనుకున్నారు. అందులో ఎక్కువ భాగం ప్రైవేటు రంగం వంటి చోట్ల నుంచి రావాలన్నది ఆలోచన. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఎర్లీ కెరీర్ గ్రాంట్ చూడాలి. ఎస్సీ, ఎస్టీ ఫ్యాకల్టీకి ఇన్‌క్లూజివిటీ గ్రాంట్ విడిగా ఉంది, అర్హులైన వాళ్లలో చాలామందికి ఆ సంగతే చేరడం లేదు. వయసు, సర్వీసు షరతులు మాత్రం ప్రతి కాల్‌లోనూ కొత్తగా చదవండి, పోయినేడాది పీడీఎఫ్ నమ్ముకోవద్దు.

సోషల్ సైన్సెస్ వాళ్లకు ఐసీఎస్ఎస్ఆర్ (సాంఘిక శాస్త్రాల పరిశోధన మండలి). దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. చరిత్రకు ఐసీహెచ్ఆర్, కాకినాడ, అమలాపురం మెడికల్ కాలేజీల వాళ్లకు ఐసీఎంఆర్. వ్యక్తికి కాకుండా డిపార్ట్‌మెంటుకు కావాలంటే డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) స్టార్ కాలేజ్ పథకం, డీఎస్‌టీ (కేంద్ర సైన్స్, టెక్నాలజీ విభాగం) ఫిస్ట్ పథకం ఉన్నాయి. ఇంకొకటి: పీహెచ్‌డీ చేసి, పెళ్లి, పిల్లల తర్వాత ఇంటి దగ్గర ఉండిపోయిన మీ పాత విద్యార్థినులు ఎవరైనా ఉంటే డీఎస్‌టీ వైజ్-కిరణ్ గురించి చెప్పండి. విరామం తర్వాత తిరిగి రావాలనుకునే మహిళల కోసం ఉన్న పథకం అది, కాలేజీ ఆతిథ్య సంస్థగా ఉండొచ్చు.

ఆఫీసు ఫోల్డర్

ఇది చిన్న పని, కానీ చాలా అప్లికేషన్లు ఆగేది ఇక్కడే. యూజీసీ 2ఎఫ్, 12బి లెటర్లు (యూజీసీ గుర్తింపు, గ్రాంట్ల అర్హత చూపేవి), న్యాక్ సర్టిఫికెట్, కాలేజీ పాన్, ట్రస్టు కాలేజీ అయితే దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) నంబరు, పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ నిధులు వచ్చే ఆన్‌లైన్ వ్యవస్థ) వివరాలు, ఎథిక్స్ కమిటీ ఆర్డరు, ల్యాబుల్లో ఉన్న పరికరాల జాబితా, ప్లేజియరిజం చెకింగ్ సదుపాయం. ఇవన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో పెట్టి లింకు ఇవ్వండి. ఎండార్స్‌మెంట్ లెటర్ నమూనా సిద్ధంగా ఉంచి, ప్రిన్సిపాల్ సంతకానికి రెండు రోజుల గడువు అని ఆఫీస్ సూపరింటెండెంట్ గారితో ముందే మాట తీసుకోండి. ఎథిక్స్ కమిటీ లేకపోతే వేయించండి. సర్వేలకు కూడా అది అడుగుతున్నారు.

టైమ్ ఇవ్వకుండా ప్రాజెక్ట్ అడగకండి

వారానికి పద్దెనిమిది క్లాసులు, పైన ఇన్విజిలేషన్, వాల్యుయేషన్, అడ్మిషన్ల డ్యూటీ, ఎన్నికలొస్తే ఆ డ్యూటీ. ఇన్ని పెట్టి "రాత్రిళ్లు రాసుకోండి" అనడం అన్యాయం. ప్రపోజల్ రాస్తున్నవారికి ఆ నెల రోజులూ రోజుకో క్లాసు తగ్గించండి, లేదా కమిటీ పనుల్లోంచి తప్పించండి. ఏది ఇచ్చినా రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి. లేకపోతే హెచ్ఓడీ మారగానే ఆ మాట గాలికి పోతుంది.

చివరి తేదీ జనవరి మధ్యలో పడితే డిసెంబర్ ఆఖరుకే పూర్తవ్వాలని చెప్పండి. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లను నేను చూడలేదు. కొత్తల్లుళ్లు, బంధువులు, కోడి పందాలు, ఎవరినీ తప్పుబట్టడానికి లేదు.

స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే కొంత సీడ్ మనీ (తొలి ఖర్చుల డబ్బు) పక్కన పెట్టండి. పాతిక, ముప్పై వేలు ఇచ్చినా రెండు నెలల నీటి నమూనాలు, పదిహేను ఇళ్ల సర్వే అయిపోతాయి. ప్రపోజల్‌లో "మా తొలి పరిశీలనలో తేలింది ఇది" అని రాయగలిగితే రివ్యూయర్ చూసే చూపే వేరు.

ఒక పేజీతో మొదలుపెట్టించండి

పూర్తి ఫారం చూపిస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. ముందు ఒక పేజీ రాయమనండి, తెలుగులో రాసినా సరే. ప్రశ్న ఏమిటి, ఇప్పటిదాకా ఎవరేం చేశారు, మనం ఏం చేస్తాం, ఎంత కాలం, ఎంత డబ్బు, చివర్లో చేతికొచ్చేది ఏమిటి. ఆ పేజీని ఇద్దరి చేత చదివించండి. ఒకరు ఆ సబ్జెక్టువారు. ఇంకొకరు వేరే డిపార్ట్‌మెంటు వారు, ఫిజిక్స్ ప్రపోజల్ అయితే కామర్స్ మాస్టారు. అర్థం కాలేదని ఆయన ఎక్కడ అంటే అక్కడ తిరిగి రాయాలి, ఎందుకంటే కమిటీలో కూర్చునే వాళ్లలో అందరూ ఆ సబ్జెక్టువారే ఉండరు.

బడ్జెట్ మాత్రం రాసేవారికి వదలకండి. అకౌంట్స్ చూసే వారిని పక్కన కూర్చోబెట్టండి. పరికరాలు ఒక పద్దు, ఫెలో జీతం, కెమికల్స్, ప్రయాణాలు, కంటింజెన్సీ ఇంకొన్ని పద్దులు, కాలేజీకి వచ్చే ఓవర్‌హెడ్ విడిగా. కేంద్ర శాస్త్ర విభాగాల ప్రాజెక్టుల్లో జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ. పీజీ చేసి నెట్ కొట్టి హైదరాబాద్ బస్సెక్కే మన పిల్లల్లో ఒకరికి సొంత ఊళ్లోనే అంత జీతం ఇవ్వవచ్చని చెబితే, ఊగిసలాడే మాస్టారు కూడా కదులుతారు.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. ఏ పనీ చేయకుండా పెద్దల పేర్లు కో-పీఐగా ఎక్కించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ప్రాజెక్ట్ పెట్టినవారు ఒకసారి అలా పేరు ఇచ్చాక, రెండోసారి పెట్టరు. మీ పేరు అడగకండి. అడిగేవాళ్లు ఉంటే "ఏ పని మీరు చేస్తారో ఒక పేరా రాసివ్వండి సార్" అనండి, చాలావరకు అక్కడితో తేలిపోతుంది.

డబ్బు భయం

ఇదే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి, పైకి ఎవరూ చెప్పరు. "ప్రాజెక్ట్ వచ్చి రిటైర్ అయ్యేదాకా యూసీ కోసం తిరగాలా?" అనేది చాలామంది మనసులో ఉంటుంది. బిల్లు పోయి, ఆడిట్ అభ్యంతరం పడి, ఆఖరి విడత ఆగిపోయిన కథలు ప్రతి స్టాఫ్ రూములోనూ ఒకటుంటుంది.

దీనికి మందు ముందే వేయాలి. ప్రాజెక్టుల లెక్కలు చూడటానికి ఆఫీసులో ఒక మనిషిని పేరు పెట్టి నియమించండి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాలు) 12-ఎ ఫారంలో ఇవ్వాలి, ఖర్చుల పట్టిక దాంతో కలిపి పంపాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది కాబట్టి ఏప్రిల్లో సీఏ గారి దగ్గరకు వెళ్లాల్సింది ఆ మనిషే, లెక్చరర్ కాదు. ఒక పద్దులో డబ్బు ఇంకో పద్దులో వాడాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఖాతాలో వచ్చిన వడ్డీ తిరిగి కట్టాలి. పరికరం కొన్నరోజే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి, కొనుగోలు మంజూరు షరతుల్లో చెప్పిన దారిలో (చాలావరకు ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో) జరగాలి. ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఆ గదిలో అంటించండి. వానాకాలంలో బోటు మీద కోరింగకు వెళ్లినప్పుడు రశీదు ఇవ్వని పడవవాడికి కట్టిన డబ్బుకు ఏం చేయాలో కూడా ముందే అడిగి పెట్టుకోండి. ఫీల్డ్ వర్క్ చేసేవాళ్లకు అసలు తలనొప్పి ఇలాంటివే.

రిజెక్ట్ అయినప్పుడు

మొదటిసారి పెట్టినవి ఎక్కువ శాతం తిరిగొస్తాయి. పోటీ గ్రాంటు అంటే అంతే. ఈ మాట పెట్టక ముందే చెప్పండి, తర్వాత చెబితే ఓదార్పులా ఉంటుంది. ఎవరెవరివి రాలేదో స్టాఫ్ మీటింగులో చదవకండి. పెట్టినందుకు మాత్రం వార్షిక నివేదికలో పేరు వేయండి, సర్వీసు రికార్డుకు పనికొచ్చేలా ఒక లెటర్ ఇవ్వండి.

రివ్యూయర్ రాసింది వచ్చిన రోజు ఎవరికైనా కోపంగానే ఉంటుంది. నాలుగు రోజులాగి, ఆ వ్యాఖ్యల్ని ఇద్దరూ కలిసి చదవండి. "చోటు స్పష్టంగా లేదు", "నమూనాల సంఖ్య తక్కువ" లాంటివి వారంలో సరిచేయొచ్చు. "ఇది ఇప్పటికే జరిగిన పని" అంటే ప్రశ్ననే మార్చాలి. సరిచేసినదాన్ని ఇంకో ఏజెన్సీకి పెట్టవచ్చు, కానీ ఒకేసారి రెండు చోట్ల నడుస్తుంటే డిక్లరేషన్‌లో ఆ సంగతి దాచకూడదు.

శాంక్షన్ ఆర్డర్ వచ్చిందా, సన్మాన సభ పెట్టేలోపు మూడు పనులు చేయించండి: ఖాతా, ఫెలో పోస్టుకు ప్రకటన, పరికరానికి స్పెసిఫికేషన్. గడియారం చాలావరకు ఆర్డర్ తేదీ నుంచే నడుస్తుంది, ఫెలో చేరడం నాలుగు నెలలు ఆలస్యమైతే ఒక సార్వా సీజన్ నమూనాలు పోతాయి. ఆ ప్రాజెక్ట్ పెట్టిన మేడమ్ గారిని వచ్చే కాల్‌కు రాస్తున్న ఇంకొకరి పక్కన కూర్చోబెట్టండి, అందుకు ఆవిడకు కూడా ఒక క్లాసు తగ్గించండి.